బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో ఉంటే తల్లి రాత్రి ఎక్కడ పడుకోవాలి?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎస్‌ఎన్‌సీయూ అని అందరూ పిలిచే నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో చేర్చినప్పుడు, ఆ బిడ్డ పేరున వార్మర్ (ఒంటిని వెచ్చగా ఉంచే పడక), ఆక్సిజన్, కేస్ షీటు అన్నీ ఏర్పాటవుతాయి. తల్లికి మాత్రం కాన్పు వార్డులో డిశ్చార్జి కాగితం చేతికిచ్చేదాకానే మంచం. మామూలు కాన్పయితే రెండు మూడు రోజులకు, ఆపరేషన్ అయితే వారానికి అటూ ఇటూగా ఆ కాగితం వచ్చేస్తుంది. పధ్నాలుగు వందల గ్రాముల బిడ్డ మాత్రం ఇంకా కొన్ని వారాలు లోపలే ఉండవలసి రావచ్చు. డిశ్చార్జి అయిన క్షణం నుంచి ఆసుపత్రి లెక్కల్లో ఆమె రోగి కాదు, రోగి తాలూకు మనిషి. ఆమె ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూడవలసిన బాధ్యత ఏ రిజిస్టరులోనూ, ఏ విభాగం పనుల జాబితాలోనూ కనిపించదు. నవజాత శిశువుల తల్లిదండ్రుల బస గురించి జరిగే చర్చ అంతా ఈ ఒక్క చోటే చిక్కుపడి ఉందని నా అభిప్రాయం. దీన్ని దాతల దయకు సంబంధించిన సంగతిగా చూస్తున్నంతకాలం రేకుల షెడ్లు లేస్తూనే ఉంటాయి, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగువారికి ఈ చిక్కు మరింత బిగుసుకుని ఉంటుంది. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం, గజపతి జిల్లాల నుంచే కాక, అటు ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి కూడా జనం వస్తారు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు కుటుంబాలేమో ఒక్కోసారి బరంపురానికి, ఒక్కోసారి శ్రీకాకుళానికో విశాఖపట్నానికో బయలుదేరతాయి. రాయగడ వారికి పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ వెళ్లే రైలే దగ్గరి దారి. 1936లో గీసిన రాష్ట్ర సరిహద్దును రోగులు ఎప్పుడూ పెద్దగా లెక్కచేయలేదు కానీ, కొన్ని పథకాలూ కార్డులూ మాత్రం దాని దగ్గరే ఆగిపోతాయి.

ముందుగా, తల్లి రాత్రిపూట ఆసుపత్రి దగ్గరే ఎందుకు ఉండాలన్నది చూడాలి, ఎందుకంటే బస గురించి వాదించేవారు కూడా ఈ భాగాన్ని మమకారం అన్న ఒక్క మాటతో దాటేస్తుంటారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు పాలు రెండు గంటలకోసారి, కాస్త కుదుటపడ్డాక మూడు గంటలకోసారి పట్టాలి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ ఒకదానితో ఒకటి పొందిక కుదరాలంటే గర్భంలో గడిపిన కాలంతో కలిపి సుమారు 34 వారాలు నిండాలి. అప్పటిదాకా పాలు గొట్టం ద్వారానో, ఆ తర్వాత కొన్నాళ్లు ఉగ్గుగిన్నెతోనో వెళ్తాయి. ఆ పాలు తల్లి చేత్తో పిండి ఇవ్వవలసినవే. రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, అందులో రాత్రివేళ కూడా పిండకపోతే రొమ్ములో పాలు నిలిచిపోయి, ఉత్పత్తే తగ్గిపోతుంది. పాలను ఊరించే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిపూటే ఎక్కువగా విడుదలవుతుంది కనుక, రాత్రి ఇంటికి వెళ్లి పొద్దున్నే రమ్మని తల్లిని పంపేస్తే ఆ దెబ్బ నేరుగా పాల మీద పడుతుంది. నెలలు నిండని బిడ్డలకు డబ్బా పాలు పట్టినప్పుడు పేగులు దెబ్బతిని ప్రాణం మీదికి తెచ్చే జబ్బు వచ్చే అవకాశం తల్లిపాలతో పోలిస్తే ఎక్కువ. అంటే అర్ధరాత్రి పన్నెండింటికీ తెల్లవారుజామున మూడింటికీ ఆమె అందుబాటులో ఉండడం చికిత్సలో ఒక భాగమే.

రాత్రిపూట ఎస్‌ఎన్‌సీయూ తలుపు దగ్గర కొంతసేపు నిలబడితే ఇది కళ్లకు కడుతుంది. బిడ్డకు ఇంకా పేరు లేదు కనుక తల్లి పేరు చెప్పి, ఫలానావారి బేబీ అని పిలుస్తారు. ఎక్కడో వరండా చివరన పడుకున్న ఆమె లేచి, చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, పాలు పిండిన చిన్న స్టీలు గిన్నెను కిటికీలోంచి అందిస్తుంది. గిన్నెకు అంటించిన ప్లాస్టరు ముక్క మీద బాల్‌పెన్నుతో ఆమె పేరు రాసి ఉంటుంది. పిలుపు వినపడనంత దూరంలో ఉంటే ఆ పూట పాలు అందవు. కాబట్టి బస అంటే పైకప్పు ఒక్కటే అయితే సరిపోదు, అది పిలుపు వినపడే దూరంలో కూడా ఉండాలి. ఊళ్లో ఎక్కడో ఉన్న సత్రం ఎంత శుభ్రంగా ఉన్నా ఈ పనికి పూర్తిగా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే.

రెండో కారణం తల్లి ఒళ్లే. మన ఇళ్లలో బాలింతను చన్నీళ్లు ముట్టనివ్వరు, గాలి తగలనివ్వరు, పథ్యం తప్పనివ్వరు. ఈ ఆచారాల్లో కొన్నింటికి వైద్యపరంగా అర్థం ఉంది, కొన్నింటికి లేదు. అంత జాగ్రత్తగా చూసుకునే కుటుంబాలే గత్యంతరం లేక అదే పచ్చి బాలింతను సిమెంటు గచ్చు మీద దుప్పటి పరిచి పడుకోబెట్టవలసి వస్తోంది. కడుపు మీద కుట్లు ఉన్న మనిషి నేల మీద నుంచి రాత్రికి నాలుగుసార్లు లేవడం మాటలు కాదు. కాన్పు తర్వాత మొదటి వారంలో రక్తపోటు పెరగడం, రక్తస్రావం, జ్వరం వంటివి ఎప్పుడైనా ముంచుకురావచ్చు. వాటిని కనిపెట్టవలసిన కాన్పు వార్డు ఆమెను అప్పటికే పంపేసి ఉంటుంది, బిడ్డను చూసే విభాగం దృష్టిలోనేమో ఆమె రోగి కాదు.

ఇక అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. తల్లిదండ్రులకు బస ఉందా అని అడిగితే అధికారులు ఉందనే అంటారు, తల్లులు లేదంటారు, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. దీనికి కారణం, బస అన్న ఒక్క మాట కింద వేర్వేరు ఏర్పాట్లు కలగలిసిపోవడమే. ఒడిశాలో మా గృహ పేరుతో ఉన్న కేంద్రాలు దారి సరిగా లేని గూడేల గర్భిణులు నెప్పులు రాకముందే వచ్చి ఉండడానికి ఏర్పాటు చేసినవి. అవి మంచి పనే చేస్తున్నాయి కానీ, కాన్పయ్యాక వారాల తరబడి బిడ్డ కోసం ఉండవలసిన తల్లికి వాటితో సంబంధం లేదు. ఆసుపత్రి ఆవరణలోని రెస్ట్ షెడ్డు మరో సంగతి. అది అన్ని వార్డుల రోగుల వెంట వచ్చినవారందరికీ ఉమ్మడిది. అందులో ఎముకలు విరిగిన తమ్ముడి కోసం వచ్చిన అన్న, డయాలసిస్‌కు వచ్చినాయన కొడుకు, బాలింత అందరూ ఒకే గచ్చు మీద సర్దుకోవాలి. వెంట వచ్చినవారికి నీడ కావాలి కాబట్టి షెడ్డు అవసరమే. కానీ పాలు పిండుకోవడానికి చాటు లేని చోటును, వేన్నీళ్లు దొరకని చోటును తల్లుల వసతిగా లెక్క చూపించడం తగదు.

మూడోది, ఎస్‌ఎన్‌సీయూకు ఆనుకుని తల్లుల కోసమే కేటాయించే గది. 2011లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏడాదికి 3,000 కాన్పులు దాటే ఆసుపత్రిలో కనీసం 12 పడకల ఎస్‌ఎన్‌సీయూ ఉండాలి, దానితో పాటు తల్లులు పాలిచ్చుకోవడానికీ పిండుకోవడానికీ చోటు, కోలుకుంటున్న బిడ్డలను తల్లుల దగ్గర ఉంచే గది కూడా ఉండాలి. అయితే పగటిపూట పాలిచ్చుకునే గదికీ, రాత్రి మంచం వేసి పడుకోబెట్టే గదికీ తేడా ఉంది. కాగితం మీద తల్లుల గది అని ఉన్నంత మాత్రాన అందులో మంచాలు ఉన్నట్టు కాదు, మంచాలున్నా డిశ్చార్జి అయిన తల్లిని అందులో ఉండనిస్తారని కాదు. ఆసుపత్రిని అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ గదిలో రాత్రి తొమ్మిది తర్వాత ఎవరు ఉండవచ్చు?

నాలుగోది తల్లీబిడ్డల ఉమ్మడి విభాగం. ఇక్కడ తల్లి మంచం, బిడ్డ వార్మరు ఒకే గదిలో పక్కపక్కన ఉంటాయి. తల్లికి కావలసిన వైద్యం కూడా అక్కడికే వస్తుంది. ఈ పద్ధతికి గట్టి పునాది వేసిన అధ్యయనం ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆసుపత్రుల్లో జరిగింది. మన దేశంలో అందులో పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. ఒక కిలో నుంచి 1,799 గ్రాముల వరకు బరువున్న 3,211 మంది బిడ్డలను రెండు గుంపులుగా చూశారు. ఒక గుంపులో పుట్టిన కాసేపటి నుంచే బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ సంరక్షణ మొదలుపెట్టారు. రెండో గుంపులో బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే అది మొదలైంది. 28 రోజుల లోపు మరణాలు మొదటి గుంపులో 12 శాతం, రెండో గుంపులో 15.7 శాతం. అంటే మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. ఫలితాలు 2021లో వెలువడ్డాయి, 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసులను వాటికి అనుగుణంగా మార్చింది. అంతకు ముందు, కంగారూ సంరక్షణ బిడ్డ స్థిమితపడ్డాక చేయవలసిన పనిగానే ఉండేది.

ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరణాల శాతం కాదు, గంటల లెక్క. ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోజుల్లో మొదటి గుంపు బిడ్డలకు రోజుకు సుమారు 17 గంటలు, రెండో గుంపు బిడ్డలకు గంటన్నర మాత్రమే ఆ స్పర్శ దక్కింది. పదిహేడు గంటలు గుండెల మీద పెట్టుకోవాలంటే ఆ మనిషి అక్కడే తినాలి, అక్కడే నిద్రపోవాలి. తల్లికి మంచం వేయని ఆసుపత్రిలో కంగారూ సంరక్షణ గురించి గోడల మీద ఎన్ని బొమ్మలు అంటించినా ఆ గంటన్నర దాటదు. తల్లి కాకపోతే నాయనమ్మో అమ్మమ్మో తండ్రో కొంతసేపు ఎత్తుకోవచ్చు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ కుటుంబ భాగస్వామ్య సంరక్షణ పేరిట ఇచ్చిన మార్గదర్శకాలు తండ్రితో సహా ఇంటివాళ్లను లోపలికి రానిచ్చి, చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం దాకా నేర్పమంటున్నాయి. అయినా తండ్రిని గేటు దగ్గరే ఆపే కాపలా మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు ఉండదు.

మనుషులు ఎక్కువైతే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. పై అధ్యయనంలో మాత్రం తల్లులు లోపలే ఉన్న గుంపులో సెప్సిస్ (ఒళ్లంతటినీ దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) అనుమానించిన కేసులు తగ్గాయి తప్ప పెరగలేదు. ఒకే నర్సు చేతులు పదిమంది బిడ్డలను తాకడం కన్నా, ఒక తల్లి తన బిడ్డనొక్కడినే తాకడం మేలన్నది అర్థంకాని సంగతేమీ కాదు. కాకపోతే దానికి నీళ్లు, సబ్బు, మరుగుదొడ్డి, ఉతికిన గౌన్లు కావాలి. అవి లేకుండా తలుపు మాత్రం తెరిస్తే అభ్యంతరం చెప్పినవారి మాటే నిజమవుతుంది.

ఖర్చు మాట కూడా అనుకున్నంత సూటిగా ఉండదు. స్టాక్‌హోంలో రెండు ఆసుపత్రులు తల్లిదండ్రులు రాత్రింబవళ్లు బిడ్డతోనే ఉండేలా గదులు ఏర్పాటు చేసి చూస్తే, నెలలు నిండని బిడ్డలు సగటున ఐదు రోజులు ముందుగా ఇంటికి వెళ్లగలిగారు. 2010లో ప్రచురించిన ఫలితం ఇది. అక్కడ తల్లిదండ్రులిద్దరికీ జీతంతో కూడిన సెలవు ఉంటుంది, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది ఉంటుంది, కాబట్టి ఆ అంకెను తెచ్చి గంజాంకు అతికించలేం. కానీ బిడ్డను చూసుకోవడం తల్లికి ఎంత తొందరగా అలవాటైతే అంత తొందరగా వార్మరు ఖాళీ అవుతుందన్న తర్కం ఎక్కడైనా చెల్లుతుంది. వార్మర్లు చాలక ఒకేదాని మీద ఇద్దరు బిడ్డలను పడుకోబెట్టే రోజులు చూసిన ఏ ఆసుపత్రికైనా ఐదు రోజులు కాదు, రెండు రోజులు కలిసివచ్చినా గొప్పే.

తిండి దగ్గర ఇంకో మెలిక ఉంది. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకల బండి ఉచితం. జబ్బుపడిన శిశువుకు 30 రోజుల దాకా, తర్వాత చేసిన విస్తరణతో ఏడాది దాకా చికిత్స ఉచితం. తల్లికి ఉచిత భోజనం మాత్రం మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు. ఒకే పథకంలో బిడ్డ హక్కు నెలల్లో ఉంటే, ఆ బిడ్డకు పాలివ్వవలసిన మనిషి తిండి రోజుల్లో ఉంది. రాసినవారి మనసులో దురుద్దేశం ఉందని అనను. ఇంటికి వెళ్లిపోయే తల్లిని ఊహించుకుని రాశారు, ఉండిపోయే తల్లి వారికి తట్టలేదు. కొన్ని చోట్ల ఆసుపత్రివారే చొరవ తీసుకుని ఆమె పేరును భోజనాల జాబితాలో కొనసాగిస్తారు. లేనిచోట ఐదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు) పెట్టే ఒడిశా ప్రభుత్వ ఆహార్ కేంద్రం దిక్కు. 2015 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన నగరాల్లో బరంపురం కూడా ఒకటి, అది చేసే మేలు చిన్నది కాదు. కానీ అది అందరికీ పెట్టే భోజనం. రెండు మూడు గంటలకోసారి పాలు పిండే బాలింతకు రాత్రి పదింటికి ఆకలేస్తే అక్కడ ఏమీ దొరకదు.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు రిఫరల్ దగ్గర, అంటే బిడ్డను పెద్దాసుపత్రికి పంపేటప్పుడు, బయటపడుతుంది. పర్లాకిమిడిలో ఆపరేషన్‌తో కాన్పయింది, బిడ్డ ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతోంది, పైకి పంపాలన్నారు అనుకుందాం. బిడ్డను అంబులెన్సులో తండ్రీ నాయనమ్మా తీసుకువెళ్తారు. కుట్లతో ఉన్న తల్లి ఇక్కడే మంచం మీద ఉండిపోతుంది. ఆమె కోలుకుని మూడు నాలుగు గంటల ప్రయాణం చేసి బరంపురం చేరేసరికి, అక్కడ ఆమె పేరున కేస్ షీటు ఉండదు. బిడ్డను మాత్రం బయట పుట్టి వచ్చినవారిగా విడిగా రాసుకుంటారు. అదే ఆసుపత్రిలో కన్న తల్లికి నాలుగు రోజులైనా దక్కిన మంచం ఈమెకు ఒక్క రాత్రి కూడా దక్కదు. అదే కుటుంబం బరంపురం బదులు శ్రీకాకుళం వెళ్తే ఒడిశా ఆరోగ్య కార్డు ఆ కౌంటరులో పనిచేస్తుందా అన్న ప్రశ్న పైన వచ్చి చేరుతుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వచ్చినవారికి అదే ప్రశ్న తిరగబడి ఎదురవుతుంది. జననీ శిశు సురక్ష జాతీయ కార్యక్రమం కనుక ప్రభుత్వ ఆసుపత్రిలో బిడ్డ చికిత్సకు ఊరూ రాష్ట్రమూ అడ్డురాకూడదు. తిరిగి ఇంటికి దింపే బండి సరిహద్దు దాటుతుందా అన్నది మాత్రం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. దీన్నంతా చూస్తే, పైకి పంపే డాక్టరు బిడ్డతో పాటు తల్లిని కూడా రోగిగానే రిఫర్ చేసి కాగితం రాయడం వైద్యపరంగా సాధ్యమైన చోటల్లా మేలు. అప్పుడు ఆమె అవతలి ఆసుపత్రిలో రోగిగా అడుగుపెడుతుంది, మంచం అడగడానికి ఆధారం ఉంటుంది.

భాష సంగతి ఒక మాట. బరంపురం తెలుగువారికి ఒడియా కొట్టిన పిండే. ఉద్దానం నుంచి వచ్చిన పిల్లకు అది రాదు, గజపతి కొండల మీది సవర తల్లికి తెలుగు, ఒడియా రెండూ కొత్తే కావచ్చు. పాలు ఎలా పిండాలో, బిడ్డ రంగు మారితే ఎవరిని పిలవాలో నర్సు ఒడియాలో ఒకసారి చెప్పి వెళ్తే, మిగిలింది పక్క మంచం తల్లి నేర్పవలసిందే. తల్లులంతా ఒకే గదిలో ఉండడం వల్ల కలిగే ఈ లాభం ఏ మార్గదర్శకంలోనూ కనిపించదు. పది రోజుల ముందు వచ్చిన తల్లి కొత్తగా వచ్చినామెకు చెప్పే పాఠం ఏ కౌన్సెలింగుకూ తీసిపోదు.

తండ్రుల గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. గంజాం మగవాళ్లలో చాలామంది సూరత్ మగ్గాల దగ్గర ఉంటారు. కాన్పుకని వచ్చినవాడు బిడ్డ లోపల ఉన్నన్ని రోజులూ కూలి పోగొట్టుకుని ఉండలేడు. ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి 26 వారాల సెలవు ఇచ్చినా అది ఉద్యోగం ఉన్న తల్లులకే, తండ్రులకు దేశమంతటికీ వర్తించే చట్టమేదీ లేదు. కాబట్టి వెంట మిగిలేది అత్తో అమ్మో. రక్తం తేవడానికి, బయటి మందుల షాపుకు పరుగెత్తడానికి, తల్లికి ఇంత అన్నం తేవడానికి ఉండేది ఆమే. పదకొండో రోజు పురుడు ఎలా చేయాలో తెలియక, బిడ్డ లేకుండా కోడలిని ఇంటికి తీసుకువెళ్లడానికి మనసొప్పక సతమతమయ్యేదీ ఆమే. తల్లుల గదిలో తోడు మనిషికి చోటుండదు. రెస్ట్ షెడ్డు నిజంగా పనికొచ్చేది ఈ పెద్దావిడకే. అందులో ఆడవారికి విడిగా ఒక భాగం, రాత్రి వెలిగే దీపం, తాళం వేసుకునే చిన్న పెట్టె ఉంటే చాలు.

ఏది ముందు అన్నదాని మీద నా అభిప్రాయం ఇది. తల్లీబిడ్డల ఉమ్మడి విభాగమే గమ్యం, కానీ దానికి కొత్త కట్టడం కావాలి, కాన్పుల విభాగమూ పిల్లల విభాగమూ కలిసి పనిచేయాలి, నర్సులు పెరగాలి. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఎస్‌ఎన్‌సీయూ ఉన్న అంతస్తులోనే, పిలుపు వినపడే దూరంలో, మంచాలూ మరుగుదొడ్డీ వేన్నీళ్లూ ఉన్న ఒక గదిని బిడ్డ డిశ్చార్జి అయ్యేదాకా తల్లికి కేటాయించడం, అన్ని రోజులూ ఆమె పేరు భోజనాల జాబితాలో ఉంచడం, రోజుకోసారి ఎవరో ఒకరు ఆమె రక్తపోటు, కుట్లు చూడడం, వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒడిశా ఆసుపత్రుల్లో రోగి కల్యాణ సమితి, ఆంధ్రలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం ఇలాంటి సౌకర్యాల గురించి మాట్లాడడానికి ఉన్న వేదికలే. షెడ్డు కట్టిస్తామని ముందుకొచ్చే దాతలను కూడా ఆ సమితి దగ్గరికి పంపి, షెడ్డుకు బదులు తల్లుల గదికి మంచాలు, గీజరు, బట్టలు ఉతికే యంత్రం ఇమ్మని అడగవచ్చు. ఆ సమితి సమావేశంలో ఎవరైనా కూర్చునే అవకాశం ఉన్నవారు ఒకే ఒక లెక్క అడిగితే చాలు: నిన్న రాత్రి ఎస్‌ఎన్‌సీయూలో ఎంతమంది బిడ్డలు ఉన్నారు, వారి తల్లుల్లో ఎంతమంది ఆసుపత్రి మంచం మీద పడుకున్నారు? మొదటి అంకె రోజూ ఆన్‌లైన్‌లో నమోదవుతుంది. రెండోదాన్ని నమోదు చేయడానికి అదే రిజిస్టరులో ఇంకొక గడి గీస్తే సరిపోతుంది.